పిల్లల ఫుట్‌బాల్ సెలక్షన్స్: వాళ్ళు ఏం చూస్తారు, మనం ఏం చూడాలి

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో దిగి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిస్తే దారి పొడుగునా కోచింగ్ సెంటర్ల బోర్డులు. బోర్డు నిండా పిల్లల ఫొటోలు, ఫొటో కింద ర్యాంకు. ఈ చుట్టుపక్కల ఉండే అమ్మానాన్నలకు కోచింగ్ ఎంచుకోవడం కొత్తేమీ కాదు. ఎవరి బోర్డు మీద ర్యాంకులు ఎక్కువగా ఉంటే అక్కడ చేర్పిస్తారు. ఎంట్రన్స్ టెస్టు పెట్టి తీసుకునే చోటైతే ఇంకా మంచిదనుకుంటారు.

కొన్నేళ్ళుగా ఆ బోర్డుల మధ్య ఇంకో రకం బోర్డు కనిపిస్తోంది. చుట్టూ నెట్ కట్టిన పచ్చటి టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి పరిచిన మైదానం), దాని గేటుకు ఒక ఫ్లెక్సీ. ఫుట్‌బాల్ అకాడమీ, ఫలానా ఆదివారం సెలక్షన్స్, ఫలానా వయసు వాళ్ళకు. మనం ఐఐటీ కోచింగ్‌ను ఎంచుకున్న పద్ధతిలోనే ఈ కోచింగ్‌నూ ఎంచుకుంటున్నాం. ఆ పద్ధతి ఇక్కడ పని చేయదు. ఎందుకు పని చేయదో, దాని బదులు ఏం చూడాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా చెల్లెలి కొడుక్కి పదేళ్ళు. ఇల్లు సరూర్‌నగర్‌లో. పొద్దస్తమానం బంతి వాడి కాళ్ళ దగ్గరే ఉంటుంది. ఒక అకాడమీ సెలక్షన్స్ పెడితే నేనే తీసుకెళ్ళాను. అరవై మంది దాకా పిల్లలు వచ్చారు. ముందు పరుగు పెట్టించారు. తర్వాత కోన్ల మధ్య నుంచి బంతి నడిపించారు. చివర్లో ఏడుగురికి ఏడుగురు చొప్పున పది నిమిషాల మ్యాచ్. సాయంత్రం వాట్సాప్‌లో లిస్టు వచ్చింది. వాడి పేరు లేదు. మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, వీనికి ఆట రాదంటవా? స్కూల్ల మంచిగనే ఆడ్తడు గదా" అంది. వాడు వెనక నుంచి, "మామా, బాల్ నా దిక్కు వచ్చిందే మూడు సార్లు" అన్నాడు.

వాడి మాట మీద తర్వాత ఒక లెక్క వేసి చూశాను. పది నిమిషాలంటే 600 సెకన్లు. ఆడేది 14 మంది. బంతి ఒక్క క్షణం కూడా బయటికి పోకుండా, అందరికీ సమానంగా పంచినా, ఒక్కొక్కరి వాటా 43 సెకన్లు కూడా రాదు. నిజం ఆటలో అందులో సగం దక్కడమూ గగనమే. అంత కొద్ది సమయంలో ఒక పిల్లవాడి ఆట గురించి తీర్పు చెప్పడం ఎంత అనుభవమున్న కోచ్‌కైనా కష్టం. మరి ఆ లిస్టు దేన్ని బట్టి తయారవుతుంది? చాలావరకు కంటికి చప్పున కనిపించే వాటిని బట్టి. ఎత్తు, వేగం, బలం, ధైర్యం. ఈ నాలుగూ పదేళ్ళ వయసులో చాలావరకు ఒక్క దాని మీద ఆధారపడి ఉంటాయి. అది పుట్టిన నెల.

మన దగ్గర ఫుట్‌బాల్‌లో వయసు విభాగాలను పుట్టిన సంవత్సరంతో లెక్కిస్తారు. జనవరి 1 హద్దు. జనవరిలో పుట్టినవాడూ, అదే సంవత్సరం డిసెంబరులో పుట్టినవాడూ ఒకే విభాగంలోకి వస్తారు. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది తేడా. ముప్పై ఏళ్ళవాళ్ళకు ఏడాది లెక్కలోకి రాదు. పదేళ్ళ పిల్లవాడికి అది వాడి జీవితంలో పదో వంతు. ఆ ఏడాదిలో కాళ్ళు పొడుగవుతాయి, కండ పడుతుంది, కోచ్ చెప్పింది ఒక్కసారికే అర్థం చేసుకునే తెలివి వస్తుంది. సెలక్టర్ కంటికి పెద్దవాడు చురుకైనవాడిగా కనిపిస్తాడు. దీన్ని రిలేటివ్ ఏజ్ ఎఫెక్ట్ (ఒకే విభాగంలో పుట్టిన నెల వల్ల వచ్చే తేడా) అంటారు.

దీన్ని మొదట బయటపెట్టిన వాళ్ళలో కెనడా సైకాలజిస్టు రోజర్ బార్న్‌స్లీ ఒకరు. ఐస్ హాకీ మ్యాచ్ చూడడానికి వెళ్ళినప్పుడు ఆయన భార్య పౌలా, ఆటగాళ్ళ వివరాలున్న పుస్తకం తిరగేస్తూ పుట్టిన తేదీలు గమనించింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి ఎక్కువ. సంవత్సరం చివరి నెలలు చాలా తక్కువ. 1985లో వాళ్ళు దాన్ని పరిశోధన పత్రంగా ప్రచురించారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో యువ ఫుట్‌బాల్ జట్లలోనూ ఇదే కనిపించింది.

ఇక్కడ గమనించాల్సింది తర్వాత జరిగేది. ఎంపికైనవాడికి మంచి కోచ్ దొరుకుతాడు, వారానికి నాలుగు రోజులు ప్రాక్టీసు, టోర్నమెంట్లు దొరుకుతాయి. రెండేళ్ళకు వాడు నిజంగానే మెరుగవుతాడు. వదిలేసినవాడు ఇంటి ముందు గల్లీలో ఆడుతూ ఉండిపోతాడు, లేదా మానేస్తాడు. పన్నెండేళ్ళకు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే, చూశారా, మేం సరిగ్గానే ఎంచాం అని సెలక్టర్‌కు అనిపిస్తుంది. నిజానికి ఎంపికే ఆ తేడాను తయారు చేసింది.

మా మేనల్లుడు పుట్టింది నవంబరులో.

అమెరికాలో స్థిరపడిన మన వాళ్ళ ఇళ్ళలోనూ ఇప్పుడు ఇదే చర్చ. అక్కడ ఏటా సీజన్‌కు ముందు క్లబ్బుల ట్రైఅవుట్స్ (జట్టు ఎంపిక పోటీలు) జరుగుతాయి. ఏ జట్టు, బీ జట్టు అని విడదీస్తారు. కొన్నేళ్ళుగా అక్కడా జనవరి 1 హద్దుగా ఉంది. 2026-27 సీజన్ నుంచి ఆగస్టు 1కి మార్చాలని అక్కడి ప్రధాన యూత్ సాకర్ సంస్థలు నిర్ణయించాయి. బడి తరగతులతో కలవడానికి ఈ మార్పు. దాంతో ఇన్నాళ్ళూ విభాగంలో చిన్నవాళ్ళుగా ఉన్న ఆగస్టు, సెప్టెంబరు పిల్లలు ఒక్కసారిగా అందరికంటే పెద్దవాళ్ళవుతారు. పిల్లలు అదే పిల్లలు, ఆట అదే ఆట. క్యాలెండర్‌లో గీత జరిగితే చాలు, 'ప్రతిభ' ఒకరి నుంచి ఇంకొకరికి మారిపోతుంది.

మన ప్రభుత్వ ఎంపికలను చూసినా, సెలక్షన్ ఎప్పుడూ ఆటనే కొలవదని తెలుస్తుంది. హకీంపేటలోని తెలంగాణ స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతిలో పిల్లల్ని తీసుకుంటారు. మండలం, జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో వడపోత ఉంటుంది. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, పైకి ఎగరడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం లాంటి పరీక్షలు పెడతారు. ఏ ఆటా ఆడించి చూడరు. ఆ వయసుకు అది సరైనదే, ఎందుకంటే వాళ్ళు వెతికేది శరీర సామర్థ్యాన్ని, ఆ తర్వాతే ఏ ఆటో నిర్ణయిస్తారు. చదువు, తిండి, శిక్షణ అన్నీ ఉచితం. శరీరం చురుగ్గా ఉన్న పిల్లలకు, ముఖ్యంగా డబ్బు లేని ఇళ్ళకు, ఇది తప్పకుండా ప్రయత్నించాల్సిన దారి. అయితే అక్కడ రాకపోతే ఫుట్‌బాల్ రాదని అర్థం చేసుకోకూడదు. అక్కడ కొలిచింది ఫుట్‌బాల్‌ను కాదు.

పుట్టిన నెల గురించి తెలిశాక కొందరు తల్లిదండ్రులకు ఒక ఆలోచన వస్తుంది. సర్టిఫికెట్‌లో ఏడాది తగ్గిస్తే? ఈ పని మన దగ్గర చాలాకాలంగా జరుగుతోంది. గ్రౌండ్‌లో దీన్ని 'ఓవర్ ఏజ్' అంటారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) తన యూత్ పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీయిస్తుంది. పిల్లల మణికట్టు ఎముకల చివర మెత్తటి ఎదుగుదల పొరలు ఉంటాయి. వయసుతో పాటు అవి గట్టిపడి మూసుకుపోతాయి. ఎంతవరకు మూసుకున్నాయో చూసి ఎముకల వయసు అంచనా వేస్తారు. కాగితం దాచినదాన్ని ఎముక చెబుతుంది. దొరికితే పిల్లవాడు పోటీ నుంచి బయటికి వస్తాడు, అదీ తోటి పిల్లలందరి ముందు. దొరక్కపోయినా నష్టమే. తనకంటే చిన్నవాళ్ళను బలంతో నెట్టి గెలవడం అలవాటైనవాడు బంతితో గెలవడం నేర్చుకోడు. పద్దెనిమిదేళ్ళకు అందరూ సమానంగా ఎదిగాక వాడి చేతిలో ఏమీ మిగలదు.

సరే, సెలక్షన్ మన చేతిలో లేదు. కోచ్‌ను ఎంచుకోవడం మన చేతిలో ఉంది. ఈ ఊళ్ళో ఆ ఎంపికకు ఒక పాత ఆదర్శం ఉంది. మూసారాంబాగ్‌కు దగ్గర్లోనే ఉంది.

ఆ ఆదర్శం సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. చాదర్‌ఘాట్ మనకు మలక్‌పేట దాటితే వచ్చేస్తుంది. ఆయన 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' ఆయన కథే.

ఆయన సాధించిన కప్పులు అందరికీ తెలుసు. నాకు వాటికంటే ముఖ్యమనిపించేది ఆయన కుర్రాళ్ళకు పెట్టిన పోటీలు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని ఒక టోర్నమెంటు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. బంతిని ఒక్కసారే తాకి పాస్ ఇచ్చేయాలి, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడుపుతూ మనుషుల్ని దాటుకుపోవడం) చేయకూడదని ఇంకో టోర్నమెంటు. ఇందులోని ఉపాయం చూడండి. ఎడమకాలితో ఆడమన్నప్పుడు బలం ఉన్నవాడికి ఎక్కువ లాభం ఉండదు. ఒక్క టచ్‌లో వదిలేయమన్నప్పుడు వేగంగా పరుగెత్తేవాడు బంతి పట్టుకుని పారిపోలేడు. బంతి రాకముందే తల ఎత్తి చూసుకోవాల్సిందే. అంటే ఆయన నియమాన్ని కొంచెం మార్చి, శరీరం పాత్రను తగ్గించి, బుర్ర పాత్రను పెంచారు. బడిలో నలభై మంది పిల్లలకు ఒకేసారి పాఠం చెప్పే మనిషికి తట్టే ఉపాయం అది.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను గుర్తించింది కూడా ఆయనే. ప్రాక్టీసుకు అంత దూరం రావడానికి తన దగ్గర డబ్బు లేదని కుర్రాడు చెబితే, సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బిచ్చారని బలరామ్ తర్వాత చెప్పుకునేవారు. ఆ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. మంచి కోచ్ పిల్లవాడి ఆటతో పాటు వాడు గ్రౌండ్‌కు ఎలా వస్తున్నాడో కూడా పట్టించుకుంటాడు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. మధ్యలో చాలా ఏళ్ళు ఈ నగరంలో ఫుట్‌బాల్ మసకబారింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. ఆ రాత్రి చూసిన పిల్లలే ఇప్పుడు బూట్లు కొనిమ్మని అడుగుతున్నారు. ఆ తర్వాత జట్టు ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. అజీజ్‌నగర్ దగ్గర ఉన్న శ్రీనిధి డెక్కన్ జట్టు ఐ-లీగ్‌లో ఆడుతూ వచ్చింది. ఈ చరిత్ర ఎందుకంటే, చొక్కా మీద ఉన్న ముద్రను చూసి పిల్లల్ని చేర్పించే వాళ్ళు చాలామంది ఉన్నారు. 2022లో కప్పు గెలిచిన జట్టు ముద్ర ఇవాళ ఈ ఊళ్ళో లేదు. యూరప్ క్లబ్బుల పేర్లు పెట్టుకున్న అకాడమీలదీ దాదాపు అంతే. వాటిలో చాలావాటికి పేరు, సిలబస్ అక్కడి నుంచి ఒప్పందం మీద వస్తాయి. మీ పిల్లవాడి ముందు రోజూ నిలబడేది మాత్రం ఇక్కడి కోచే. కాబట్టి చూడాల్సింది ఆ మనిషిని.

ఎలా చూడాలి? సెలక్షన్స్ రోజున వెళ్ళకండి. ఆ రోజు అన్నీ తీర్చిదిద్ది ఉంటాయి. మామూలు మంగళవారం సాయంత్రం వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళకుండా మీరొక్కరే వెళ్ళి నెట్ పక్కన కూర్చోండి. ఓ మోస్తరుగా ఆడే ఒక పిల్లవాణ్ణి ఎంచుకోండి. మరీ మంచి ఆటగాడు వద్దు, మరీ కొత్తవాడు వద్దు. పది నిమిషాల్లో వాడి కాలు బంతికి ఎన్నిసార్లు తగిలిందో గీతలు పెట్టండి.

నేను అలా కూర్చున్న మొదటి చోట ఇరవై మంది పిల్లలు ఒకే లైన్‌లో నిలబడి ఉన్నారు. ముందున్నవాడు కోన్ల మధ్య బంతి నడిపి, గోల్ కొట్టి, వెనక్కి వచ్చి లైన్ చివర నిలబడాలి. ఒక్కొక్కరికి పదిహేను సెకన్లు. ఇరవై మందికి ఐదు నిమిషాలు. అంటే పది నిమిషాల్లో నేను ఎంచుకున్న పిల్లవాడి వంతు వచ్చింది రెండుసార్లు. మిగతా తొమ్మిదిన్నర నిమిషాలు వాడు ముందున్నవాడి బిబ్ (జట్టు గుర్తుకు వేసుకునే రంగు బనీను) లాగుతూ, షూ లేసులు కట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. రెండో చోట టర్ఫ్‌ను నాలుగు ముక్కలు చేశారు. ఒక్కో ముక్కలో ముగ్గురికి ముగ్గురు. గోల్‌కీపర్ లేడు, చిన్న గోల్‌పోస్టులు. ఐదో నిమిషానికే నా గీతలు కాగితం అంచు దాటాయి. కోచ్ పెద్దగా అరవలేదు. మధ్య మధ్య ఆపి, "నువ్వు పాస్ ఇచ్చే ముందు ఎవరిని చూసినవ్?" అని అడిగేవాడు. జవాబు పిల్లవాణ్ణే చెప్పనిచ్చేవాడు.

మొదటి చోట కోచ్ చెడ్డవాడని నేననను. టర్ఫ్ అద్దె గంటల లెక్కన ఉంటుంది. సాయంత్రం లైట్ల కింద ఇంకా ఎక్కువ. ఆ అద్దె గిట్టాలంటే ఒక గంటలోకి ఎక్కువమందిని ఎక్కించాలి. ఒకే కోచ్ ఉంటే అంతమందిని అదుపులో పెట్టడానికి లైనే సులువు. తల్లిదండ్రులకు కూడా లైన్ చూస్తే క్రమశిక్షణ కనిపిస్తుంది, చిన్న ఆటలు చూస్తే అల్లరి కనిపిస్తుంది. మనం మెచ్చుకునేదే వాళ్ళు చేస్తారు. మనం గీతలు లెక్కపెట్టడం మొదలుపెడితే వాళ్ళూ టర్ఫ్‌ను ముక్కలు చేస్తారు.

జర్మనీ లాంటి దేశమే ఈ లెక్క వేసుకుంది. 2024-25 సీజన్ నుంచి అక్కడ 11 ఏళ్ళ లోపు పిల్లలకు దేశమంతటా చిన్న ఆటలు తప్పనిసరి చేశారు. ఇద్దరికి ఇద్దరు, ముగ్గురికి ముగ్గురు, వయసు పెరిగే కొద్దీ ఏడుగురి దాకా. పాయింట్ల పట్టికలు తీసేశారు. మన దగ్గర ఏఐఎఫ్‌ఎఫ్ 2018లో మొదలుపెట్టిన గోల్డెన్ బేబీ లీగ్స్ వెనక ఆలోచనా ఇదే. చిన్న మైదానం, తక్కువ మంది, ఎక్కువ ఆట. పదేళ్ళ పిల్లల్ని పదకొండు మంది చొప్పున పెద్ద మైదానంలో ఆడించి కప్పులు పంచే అకాడమీ కనిపిస్తే కొంచెం ఆలోచించండి.

కోచ్‌ను అడగాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. లైసెన్స్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఏఐఎఫ్‌ఎఫ్ కోచింగ్ లైసెన్సుల్లో డి కింది మెట్టు, ఆపైన సి, బి, ఏ, చివర ప్రో. పిల్లలకు నేర్పడానికి డి లేదా సి ఉన్నా చాలు, 'ఏ' లైసెన్స్ ఉన్న పెద్ద కోచ్ పేరు బోర్డు మీద పెట్టి గ్రౌండ్‌లో వేరే వాళ్ళను నిలబెట్టడం కంటే అది నయం. ఒక కోచ్‌కు ఎంతమంది పిల్లలని అడగండి. గత ఏడాది చేరిన వాళ్ళలో ఎంతమంది ఇంకా ఉన్నారని అడగండి. ఎంతమందిని పెద్ద జట్లకు పంపారనే దానికంటే ఈ ప్రశ్న ముఖ్యం. మ్యాచ్‌లో అందరికీ ఆడే సమయం ఇస్తారా, బెంచ్ మీద కూర్చోబెడతారా అనేది కూడా.

పొజిషన్ సంగతి కూడా కనుక్కోండి. తొమ్మిదేళ్ళకే వీడు డిఫెండర్, వాడు గోల్‌కీపర్ అని కట్టేస్తే పిల్లవాడు సగం ఆటే నేర్చుకుంటాడు. ఆసియాలోనే గొప్ప గోల్‌కీపర్లలో ఒకరనిపించుకున్న మన హైదరాబాద్ పీటర్ తంగరాజ్ మొదట సెంటర్ ఫార్వర్డ్. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య మొదట పరుగు పందేల అమ్మాయి. తర్వాత ఫుట్‌బాల్‌లోకి వచ్చింది, క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ మహిళల జట్టుకూ ఆడింది.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇంకొన్ని చూడాలి. బాత్‌రూం ఉందా, బట్టలు మార్చుకునే చోటుందా, మహిళా కోచ్ లేదా సహాయకురాలు ఉన్నారా, ప్రాక్టీసు ఎన్ని గంటలకు ముగుస్తుంది. కోచ్ పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకుండా తల్లిదండ్రులున్న గ్రూపులోనే అన్నీ పెట్టాలి. ఇది మగపిల్లలకూ వర్తిస్తుంది. 2012 పోక్సో చట్టం బాలబాలికలందరికీ ఒకటే. ఈ ప్రశ్నలు అడిగితే చిరాకుపడే చోట చేర్పించకండి.

ఇక శరీరం. పిల్లలు అందరూ ఒకే వేగంతో ఎదగరు. అమ్మాయిలు సగటున పన్నెండేళ్ళకు, అబ్బాయిలు పద్నాలుగేళ్ళకు ఒక్కసారిగా పొడుగవుతారు. ఆ కొన్ని నెలలు కాళ్ళు వాళ్ళ మాట వినవు. నిన్నటిదాకా బాగా ఆడినవాడు తడబడతాడు. ఆ సమయంలో వాణ్ణి జట్టు నుంచి తీసేసే కోచ్ వాడి ఆటను చూడడం లేదు. ఎముక పెరిగినంత వేగంగా కండరం సాగదు కాబట్టి మడమ వెనక, మోకాలి కింద నొప్పులొస్తాయి. ఇవి ఎదుగుదల పొరల దగ్గర వచ్చే నొప్పులు. బద్ధకమని తిట్టి ఆడిస్తే ముదురుతాయి. విశ్రాంతి ఇచ్చి డాక్టరుకు చూపించాలి. క్రీడా వైద్యులు చెప్పే ఒక తేలిక కొలత ఉంది. పిల్లవాడి వయసెంతో వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆటలో శిక్షణ ఉండకూడదు. పదేళ్ళవాడికి పది గంటలు పైహద్దు. వారంలో కనీసం ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉండాలి. బంతిని తలతో కొట్టించడం చిన్నపిల్లలకు వద్దు. 11 ఏళ్ళ లోపు పిల్లలకు శిక్షణలో హెడింగ్ నేర్పవద్దని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2020లోనే చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో మట్టి నేల కంటే టర్ఫ్ బాగా వేడెక్కుతుంది. సాయంత్రం నాలుగింటి బ్యాచ్ వద్దనండి.

గంటల లెక్కలో ప్రయాణాన్ని మనం మరిచిపోతాం. పెద్ద మైదానాలు, పేరున్న శిక్షణ చాలావరకు నగరానికి పడమటి వైపు ఉన్నాయి. మూసారాంబాగ్ నుంచి గచ్చిబౌలి స్టేడియం 20 కిలోమీటర్ల పైనే. మెట్రోలో వెళ్ళినా అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, మళ్ళీ ఆటో ఎక్కాలి. గంటన్నర ప్రాక్టీసుకు మూడు గంటల ప్రయాణం. హోంవర్క్ దారిలో, అన్నం రాత్రి పదింటికి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇది గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. ఇంటికి పావుగంటలో ఉన్న మామూలు గ్రౌండ్, అక్కడ ఓపికున్న కోచ్ దొరికితే అదే మేలు. కొత్తగా ఆడే పిల్లలకు జీహెచ్‌ఎంసీ వేసవి శిక్షణ శిబిరాలు ఉన్నాయి. నామమాత్రపు ఫీజు. ఆట మీద ఇష్టం నిలబడుతుందో లేదో చూసుకోవడానికి ఒక వేసవి చాలు, ఏడాది ఫీజు ముందే కట్టక్కర్లేదు.

సంతకాల విషయంలో జాగ్రత్త అవసరం. పోటీ లీగుల్లో ఆడే క్లబ్బు మీ పిల్లవాణ్ణి ఏఐఎఫ్‌ఎఫ్ రిజిస్ట్రేషన్ వ్యవస్థలో తన ఆటగాడిగా నమోదు చేస్తుంది. ఇది మంచిదే. రేపు వాడు ప్రొఫెషనల్ అయితే, 12 నుంచి 21 ఏళ్ళ మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పరిహారం అందే ఏర్పాటు ఫిఫా నియమాల్లో ఉంది. కానీ ఒకసారి నమోదయ్యాక మధ్యలో క్లబ్బు మారాలంటే పాత క్లబ్బు సమ్మతి కావాల్సి వస్తుంది. ఎప్పుడు, ఎలా బయటికి రావచ్చో సంతకానికి ముందే అడిగి, రాతలో తీసుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి.

విదేశీ ట్రయల్స్ పేరుతో అడిగే డబ్బు గురించి కూడా చెప్పాలి. మీ పిల్లవాడిలో దమ్ముంది, స్పెయిన్‌కు తీసుకెళ్తాం, అక్కడ క్లబ్బులో పెడతాం అనే మాట వింటే ఎవరికైనా మనసు ఊగుతుంది. ఫిఫా నియమాల 19వ అధికరణం ప్రకారం 18 ఏళ్ళు నిండని ఆటగాణ్ణి ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్బుకు మార్చడం కుదరదు. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి తరలివెళ్ళడం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. పదమూడేళ్ళవాడికి యూరప్ క్లబ్బులో చోటు ఇప్పిస్తామనేవాళ్ళు నియమం ఒప్పుకోని మాట ఇస్తున్నారు. విహారయాత్రగా వెళ్ళి ఒక వారం ఆడి రావాలనుకుంటే వెళ్ళవచ్చు. దాన్ని సెలక్షన్ అనుకుని అప్పు చేయకండి.

మా చెల్లెలు అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు ఇది. వాడికి ఆట వస్తుందో రాదో ఆ లిస్టు చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు. నవంబరులో పుట్టినవాడు ఇంకో నాలుగైదేళ్ళ పాటు ఏ సెలక్షన్స్‌లోనైనా చిన్నవాడే. ఈలోగా వాడికి కావాల్సింది బంతి దొరికే చోటు. రెండో గ్రౌండ్‌లో చేర్పించాం. ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్తాడు. మొన్న అక్కడ కోచ్ పది నిమిషాల సేపు అందర్నీ ఎడమకాలితోనే ఆడమన్నాడట. ఇంటికొచ్చి, "మామా, పెద్దపెద్దోళ్ళు గూడ కిందపడ్డరు" అని సంబరంగా చెప్పాడు.

చేర్పించే ముందు మీరూ ఒక మంగళవారం వెళ్ళి చూడండి. కాగితం, పెన్ను మరిచిపోకండి.